చెంగ్డూలో హాట్‌పాట్ విందు: అమ్మ శాకాహారి, నాన్న గొడ్డు మాంసం ముట్టరు. ఏం చేయాలి?

మిరపతోట
ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను ఉద్యోగం మీద చైనాలో, సిచువాన్ రాష్ట్రంలోని చెంగ్డూ వచ్చి ఏడాదిన్నర అయింది. అమ్మా నాన్నా ఖమ్మం దగ్గర మా ఊరి నుంచి మొదటిసారి ఇక్కడికి వచ్చారు. ఆ సంగతి తెలిసి మా టీమ్ లీడర్ వచ్చే శనివారం మమ్మల్ని హాట్‌పాట్‌కి పిలిచారు. మన ఊళ్ళో చుట్టాలొస్తే కోడి కోస్తాం కదా, ఇక్కడివాళ్ళకి హాట్‌పాట్ అలాంటిది. రామని చెప్పలేను, చెప్పాలనీ లేదు.

నా బెంగ అమ్మ గురించే. అమ్మ గుడ్డు కూడా తినదు. నాన్న కోడి, మేక తింటారు, గొడ్డు మాంసం మాత్రం ముట్టరు. నేను ఇప్పటికి మూడుసార్లు హాట్‌పాట్‌కి వెళ్ళాను. టేబుల్ మధ్యలో పులుసు మరుగుతుంటే పచ్చి ముక్కలు మనమే వేసుకుని ఉడికించుకుని తినడం, అంతవరకూ తెలుసు. ఆ పులుసులో ఏముంటుందో ఎప్పుడూ అడగలేదు. తీరా అడిగితే ఎర్ర పులుసుకి ఆధారమే పశువుల కొవ్వు అన్నారు.

ఇలాంటి చోట అమ్మ ఏం చేస్తుందో నాకు తెలుసు. "నాకు ఆకలి లేదురా, మీరు తినండి" అని రెండు గంటలు నవ్వుతూ కూర్చుంటుంది. అలా జరగకూడదు. అమ్మ కడుపునిండా తినాలి. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

తెల్లకోటు
ఆదివారం, రాత్రి 10:25

సిచువాన్‌లో ఆరేళ్ళు మెడిసిన్ చదివాను తమ్ముడూ. మా బ్యాచ్‌లో సగం మంది తెలుగువాళ్ళమే. ఈ తంటాలన్నీ పడ్డాం కాబట్టి చెప్తున్నా.

ఎర్ర పులుసు రెండు రకాలు. ఒకటి "న్యూయో", అంటే గొడ్డు కొవ్వు. గది వేడిలో గడ్డకట్టి ఎర్రటి ఇటుకలా ఉంటుంది, తెచ్చి కుండలో పడేస్తారు. రెండోది "చింగ్‌యో", అంటే వంటనూనెతో చేసింది. చెంగ్డూలో చాలా చోట్ల రెండూ దొరుకుతాయి, అడగాలి అంతే. నాన్నగారికి చింగ్‌యో చెప్పండి, గొడ్డు కొవ్వు బాధ తప్పుతుంది.

అమ్మగారి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. తెల్లగా ఉంది కదా అని "చింగ్‌తాంగ్" పులుసు ఇప్పించకండి. మామూలుగా అది ఎముకలో కోడో మరిగించిన నీళ్ళు. పుట్టగొడుగుల పులుసులోనూ చాలాసార్లు కోడి రసమే పోస్తారు. పేరు చూసి మోసపోయే చోటు ఇదే. అన్నిటికన్నా నమ్మకమైనది "చింగ్‌ష్వే గ్వో", వట్టి నీళ్ళ కుండ. నీళ్ళలో అల్లం, ఉల్లికాడలు, నాలుగు ఎండు రేగుపళ్ళు వేసి తెస్తారు. దానికి రుచి ఎలా తేవాలో తర్వాత చూద్దాం.

"వో ఛి సూ" అంటే నేను శాకాహారిని అని. కానీ అది చెప్పి ఊరుకుంటే పైన మాంసం ముక్క వేయడం మానేస్తారు, కింద రసం సంగతి వాళ్ళకి తట్టదు. రసంలో కూడా మాంసం, ఎముక, కోడి ఉండకూడదని విడమర్చి చెప్పాలి. మీ లీడర్‌కి ముందే చెప్తే ఆయనే మాట్లాడతారు.

జియాలింగ్_ఒడ్డు
ఆదివారం, రాత్రి 11:02

చోంగ్‌చింగ్ నుంచి. తెల్లకోటు గారు చెప్పినదానికి ఒక ముఖ్యమైన మాట కలుపుతాను.

తొమ్మిది గళ్ళ కుండ పెట్టే చోటికి అమ్మగారిని తీసుకెళ్ళకండి. చూస్తే తొమ్మిది వేర్వేరు గదుల్లా ఉంటుంది కానీ ఆ గళ్ళ చట్రం పైపైనే, అడుగున పులుసంతా ఒకటే. మధ్య గడిలో మంట ఎక్కువ కాబట్టి చిటికెలో ఉడికేవి అక్కడ, మూలల్లో నెమ్మదిగా ఉడకాల్సినవి. అది మంట కోసం చేసిన ఏర్పాటే తప్ప ఎవరి తిండి వారికి వేరు చేయడానికి కాదు. మీకు కావలసింది "యువాన్‌యాంగ్" కుండ, మధ్యలో అడుగుదాకా నిజమైన గోడ ఉంటుంది. లేదా "త్జిమూ" కుండ, అంటే తల్లీబిడ్డా: పెద్ద కుండ నడుమ చిన్న కుండ. మీ విషయంలో రెంటికన్నా మేలైనది మనిషికో చిన్న కుండ ఇచ్చే చోటు.

ఈ కొవ్వు, ఈ కారం ఎందుకొచ్చాయో కూడా చెప్పాలి. యాంగ్‌త్సీ, జియాలింగ్ నదులు కలిసే ఊరు ఇది. రేవుల్లో బరువులు మోసేవాళ్ళు, పడవలు లాగేవాళ్ళు, వాళ్ళు కొనగలిగింది కసాయివాళ్ళు వదిలేసే పేగులు, పొట్ట. ఆ వాసన చంపడానికే మిరపకాయ, నోరు తిమ్మిరెక్కించే హువాజియావ్ అనే దినుసు. ఇవాళ జనం గంటల తరబడి వరసలో నిలబడి తినే "మావోదు", అంటే పశువు పొట్ట పొర, ఆ రోజుల్లో బీదవాడి తిండే. ఈ తిండిని నేను గౌరవించేది అందుకే.

కారం సంగతి. "వేయ్‌లా" అంటే కొద్ది కారం. మా ఊళ్ళో వేయ్‌లా చెప్పినా కళ్ళమ్మట నీళ్ళొస్తాయి. చెంగ్డూ కొంచెం నయం.

తులసికోట
సోమవారం, ఉదయం 6:40

ఎవరినీ నొప్పించాలని కాదు, మనసులో ఉన్నది చెప్తున్నాను. నేనూ పూర్తి శాకాహారినే. కుండ వేరైనా అదే టేబుల్ మీద పేగులూ రక్తపు ముక్కలూ పళ్ళేల్లో పెట్టి ఉంటాయి. పక్క కుండ మరుగుతుంటే తుంపరలు పడతాయి. మాంసం ముంచిన చాప్‌స్టిక్స్ పొరపాటున ఈ కుండలోకి వస్తాయి. ఆ రెండు గంటలూ ఆవిడ ముళ్ళ మీద కూర్చున్నట్టు ఉంటారు. కొడుకు పరువు కోసం ఒక తల్లి అంత ఓర్చుకోవాలా?

చెంగ్డూలో వెన్‌షు బౌద్ధారామంలో శాకాహార భోజనశాల ఉంది. అక్కడ వెల్లుల్లి, ఉల్లి కూడా వాడరు. మీ లీడర్‌ని మీరే అక్కడికి పిలవచ్చు కదా?

మిరపతోట
సోమవారం, రాత్రి 8:15

తులసికోట గారూ, మీ మాట చదివి నిద్ర పట్టలేదు. పొద్దున్నే అమ్మనే కూర్చోబెట్టి అంతా విప్పి చెప్పాను. పేగులుంటాయి, రక్తం గడ్డకట్టిన ముక్కలుంటాయి, ఎదురుగానే వండుతారు, వద్దంటే నేను వేరేగా ఏర్పాటు చేస్తా అన్నాను.

అమ్మ అంది, "మీ నాన్నకి నలభై ఏళ్ళుగా కోడికూర వండి పెడుతున్నాను. వాసనకి ఏమీ కాదు. వాళ్ళు ప్రేమగా పిలిచారు, వెళ్దాం. నా గిన్నె నాకుంటే చాలు, అందులో ఇంకొకరి చెంచా పడకూడదు."

కాబట్టి వెళ్తున్నాం. వెన్‌షు ఆరామానికి మర్నాడు ఆదివారం అమ్మని తీసుకెళ్తాను, ఆ సలహాకి మీకు చాలా థ్యాంక్స్. ఇప్పుడు చెప్పండి, ఆ వట్టి నీళ్ళ కుండలో అమ్మ ఏం వేసుకోవాలి?

సింహపురి
సోమవారం, రాత్రి 10:48

నెల్లూరు అమ్మాయిని, సింగపూర్‌లో పదకొండేళ్ళు. మా అత్తగారు శాకాహారి, ఆవిడతో ఆరేడుసార్లు వెళ్ళాను. ఇక్కడ హైదిలావ్ అనే హాట్‌పాట్ హోటల్లో నాలుగు గళ్ళ కుండ ఇస్తారు, ఆ గళ్ళు అడుగుదాకా వేరువేరే. 1994లో మీ సిచువాన్‌లోనే జియాన్‌యాంగ్ అనే చిన్న ఊళ్ళో మొదలైన సంస్థ అది. చైనా బయట తొలి కొట్టు 2012లో సింగపూర్‌లోనే తెరిచారు. సాయం చేయడంలో వాళ్ళకి ఓపిక ఎక్కువ, అడిగితే విసుక్కోరు.

అత్తగారు ఇష్టంగా తినేవి చెప్తాను. గడ్డకట్టించిన టోఫు అందరికన్నా ముందు. మంచులో పెట్టడంతో స్పాంజిలా కన్నాలు పడి రసమంతా పీల్చుకుంటుంది. కొరికేముందు ఊదుకోమని చెప్పండి, లోపలి రసం నాలుక కాలుస్తుంది. తామరతూడు చక్రాలు కరకరలాడుతూ ఉంటాయి, బంగాళాదుంప, గుమ్మడి, వెదురు మొలకలు, సోయా పాల మీగడ ఎండబెట్టిన చుట్టలు. చిలగడదుంప పిండితో చేసే నూడుల్స్ చివర్లో. ఆకుకూర ఏదైనా ఒక నిమిషం చాలు. పుట్టగొడుగులు మాత్రం మొదట్లోనే రెండు మూడు రకాలు దండిగా వేయండి. పావుగంటకి వట్టి నీళ్ళు చక్కటి రసం అవుతాయి. టమాటా ముక్కలు విడిగా తెమ్మని ఆ కుండలోనే పిండేస్తే ఇంకా బాగుంటుంది. సగం ప్లేటు అమ్ముతారు, అన్నీ సగం సగం తెప్పిస్తే ఎక్కువ రకాలు రుచి చూడచ్చు.

ఇక జాగ్రత్తలు. పీత కడ్డీ అని తెల్లగా ఎర్రగా ఉండేది చేపే. గుండ్రటి ఉండలు ఏ రంగులో ఉన్నా ముట్టకండి. సాసుల దగ్గర "హావోయో" అనే నల్లటి సాసు ఆల్చిప్పలతో చేసింది, చూడటానికి సోయా సాసులాగే ఉంటుంది. ఒకసారి అత్తగారు వేసుకోబోతే చివరి క్షణంలో ఆపాను. ఆ భయం ఇంకా పోలేదు. అక్కడి గరిటెలు ఒకదాంట్లోది ఇంకోదాంట్లో ముంచుతుంటారు కాబట్టి అమ్మగారికి సాసు వంటగది నుంచే విడిగా తెప్పించండి. కుండకి గరిటె, చిల్లుల గరిటె, చాప్‌స్టిక్స్ కూడా ఆవిడవి ఆవిడకే.

తెల్లకోటు
సోమవారం, రాత్రి 11:30

సింహపురి గారు చెప్పిన సాసు గురించి ఒక మాట. చెంగ్డూ పద్ధతిలో నువ్వుల నూనె, దంచిన వెల్లుల్లి, కొత్తిమీర, అంతే. మనిషికో చిన్న డబ్బా నువ్వుల నూనె ఇస్తారు. కారానికి అది అడ్డు, వేడినీ తగ్గిస్తుంది. ఇంకొకటి "గాన్‌ద్యే" అని పొడి సాసు, ఎండుమిర్చి పొడిలో వేయించిన నువ్వులు, పల్లీల పలుకులు. మొదటిసారి నాలుక మీద పెట్టుకున్నప్పుడు ఇంటి కారప్పొడి గుర్తొచ్చి హాస్టల్లో ఏడ్చాను. అమ్మగారికి అది నచ్చి తీరుతుంది. కాకపోతే కొన్నిచోట్ల మాంసం రుచి పొడులు కలుపుతారు, అడిగి పెట్టండి.

మన దగ్గర బండి మీద అమ్మే షెజ్వాన్ రైస్‌కీ సిచువాన్‌కీ పేరులో తప్ప చుట్టరికం లేదు. అసలైన గుర్తు హువాజియావ్. చూడటానికి మిరియం గింజంత ఉంటుంది కానీ మిరియం కాదు, నిమ్మ కుటుంబపు చెట్టు కాయ తొక్క. గోవా, కొంకణం వైపు చేపల పులుసులో వేసే తెప్పల్ దీనికి దగ్గర చుట్టం. ఇందులోని శాన్‌షూల్ అనే పదార్థం స్పర్శ నరాలని కదిలిస్తుంది. 2013లో లండన్‌లో పరిశోధకులు పెదవి మీద ఇది రాసి కొలిస్తే, ఆ జలదరింపు సెకనుకి 50 సార్లు కదిలే కంపనంలా అనిపిస్తుందని తేలింది. పెదాలు తిమ్మిరెక్కితే నాన్నగారు గాబరా పడతారు. ముందే చెప్పి ఉంచండి. కాసేపట్లో అదే పోతుంది, సోయా పాలు తాగమనండి. ఇంకోటి, ఎర్ర పులుసు తాగేది కాదు. మనవాళ్ళు చారు అనుకుని గిన్నెలో పోసుకుంటారు. అది ఉడికించడానికే.

కొండారెడ్డి_బురుజు
మంగళవారం, ఉదయం 7:20

అస్సలాము అలైకుమ్, అందరికీ నమస్తే. కర్నూలు వాణ్ణి, బీజింగ్‌లో నాలుగేళ్ళు ఉన్నాను. నాన్నగారికి మేక మాంసం ఇష్టమైతే బీజింగ్ పద్ధతి కూడా ఒకసారి తినిపించండి. నడుమ పొగగొట్టం ఉన్న రాగి కుండ, లోపల బొగ్గులు. కుండలో నీళ్ళు, అల్లం తప్ప ఏమీ ఉండదు. కాగితంలా కోసిన గొర్రె మాంసం రెండుసార్లు తిప్పి నువ్వుల ముద్దలో అద్దుకుని తినాలి. 1903లో మొదలైన దోంగ్‌లాయ్‌షున్ హోటల్ దీనికి పెట్టింది పేరు, హ్వే అనే చైనా ముస్లిం జాతి కుటుంబం పెట్టినది.

ఇది ముస్లింలకే కాదు, అందరికీ పనికొస్తుంది. బోర్డు మీద "చింగ్‌జెన్", అంటే హలాల్, గుర్తుంటే అక్కడ పంది ఉండదు. చెంగ్డూలోనూ అలాంటివి ఉన్నాయి. పరదేశంలో ఆ గుర్తు కనిపించిన ప్రతిసారీ నా గుండె కుదుటపడేది.

గుంటూరు_యార్డు
మంగళవారం, మధ్యాహ్నం 1:05

ఖమ్మం అన్నారు, పేరు మిరపతోట. నాన్నగారు మిర్చి రైతా? అయితే ఇది ఆయనకి చదివి వినిపించండి.

మేము యార్డులో మూడు తరాలుగా మిర్చి వ్యాపారంలో ఉన్నాం. కొన్నేళ్ళుగా మన ఎండుమిర్చి ఎక్కువగా కొంటున్న దేశం చైనా. వాళ్ళకి కావలసింది తేజ, ఎగుమతి లెక్కల్లో ఎస్17. సన్నకాయ, ఘాటు ఎక్కువ. చైనాలో మిరప పండక కాదు, బ్రహ్మాండంగా పండుతుంది. అక్కడి కాయలకి రంగు, వాసన బాగుంటాయి, ఘాటుకి మాత్రం తేజ కలుపుతారు. హాట్‌పాట్ ముద్దలు తయారుచేసే ఫ్యాక్టరీలకి పోతుంది, కారపు సత్తు తీయడానికీ పోతుంది. చైనా కొనుగోలు మందగిస్తే ఆ వారం యార్డులో ధర కూర్చుంటుంది. టిక్కీల మీద కూర్చున్న రైతుకి తన సరుకు ఎక్కడికి పోతుందో తెలియదు. అక్కడ తినేవాడికి ఎక్కడిదో తెలియదు.

మిరపతోట
మంగళవారం, రాత్రి 9:00

నాన్న మిర్చి రైతే. మూడెకరాలు, అన్నీ తేజే. 2021–22లో నల్ల తామర పురుగు పడి పంటంతా పోయింది, మళ్ళీ వేశారు. మీరు రాసింది రెండుసార్లు చదివించుకున్నారు. శనివారం ఎప్పుడొస్తుందా అని అమ్మకన్నా నాన్నే ఎదురుచూస్తున్నారు.

జియాలింగ్_ఒడ్డు
గురువారం, రాత్రి 10:10

వెళ్ళేముందు మర్యాదల గురించి. తలుపుకి ఎదురుగా ఉండే కుర్చీ పెద్దలది, అమ్మానాన్నల్ని అక్కడే కూర్చోమంటారు, మొహమాటపడద్దు. గ్లాసు తాకించేటప్పుడు మీ గ్లాసు పెద్దవాళ్ళ గ్లాసు కన్నా కాస్త కిందకి ఉంచండి. బిల్లు పిలిచినవాళ్ళే కడతారు. మీరు ఇస్తానని గట్టిగా అడగండి, ఇవ్వనివ్వరు, ఊరుకోండి. కోటు కుర్చీకి తగిలించకండి, ఆ వాసన వారం పోదు.

కోడి ముక్కలు నాన్నగారు పూర్తిగా ఉడికాకే తినాలి, పచ్చి మాంసం పట్టిన చాప్‌స్టిక్స్ నోట్లో పెట్టుకోకూడదు. ఎప్పుడైనా యున్నాన్ వెళ్తే అక్కడి అడవి పుట్టగొడుగుల హాట్‌పాట్‌లో ఇంకా కచ్చితం. టేబుల్ మీద గడియారం పెట్టి ఇరవై నిమిషాలు అయ్యేదాకా తిననివ్వరు. సరిగా ఉడక్కపోతే విషమయ్యే రకాలుంటాయి మరి.

మిరపతోట
ఆదివారం, సాయంత్రం 6:30

వెళ్ళొచ్చాం. మీ అందరికీ వివరంగా చెప్పాలి.

లీడర్‌కి బుధవారమే అన్నీ చెప్పాను. ఆయన అనుకున్న చోటు మార్చి, మనిషికో చిన్న కుండ ఇచ్చే హోటల్ చూశారు. ఫోన్ చేసి రసం గురించి నా ముందే మూడుసార్లు అడిగారు. అమ్మకి నీళ్ళ కుండ, నాన్నకి చింగ్‌యో వేయ్‌లా. అమ్మ పక్కన లీడర్ వాళ్ళ అమ్మగారు కూర్చున్నారు. ఆవిడకి నెలలో రెండు రోజులు మాంసం మానేసే నియమం ఉందట, శనివారం కూడా అమ్మ కోసం ఆవిడ మానేశారు. ఈ సంగతి అమ్మకి చెప్పేసరికి కళ్ళు చెమర్చాయి. తులసికోట గారూ, మీరు భయపడినట్టు తుంపరలు పడలేదు. రక్తపు ముక్కల పళ్ళెం మాత్రం అమ్మ కంటబడకుండా లీడర్ భార్య తన వైపు పెట్టుకున్నారు.

అమ్మకి గడ్డ టోఫు కన్నా తామరతూడు నచ్చింది. చివర్లో "హోంగ్‌తాంగ్ త్సిబా" తెచ్చారు, వేయించిన బంక బియ్యపు ముద్దల మీద నల్లబెల్లం పాకం, సోయా పిండి. రెండోసారి అడిగి వేయించుకుంది. అమ్మ ఏదైనా రెండోసారి అడగడం నేను చూడటం అదే మొదలు.

నాన్న పెదాలు తిమ్మిరెక్కాయి, ముందే చెప్పడంతో గాబరా పడలేదు. కుండలో తేలుతున్న ఎండుమిర్చి తీసి చూస్తుంటే లీడర్ వంటగది నుంచి పొడి కాయల పళ్ళెం తెప్పించారు. నాన్న ఒక్కొక్కటి విరిచి, గింజ చూసి, వాసన చూసి, "ఇవి మనవి కాదు, గుండ్రటి రకం" అన్నారు. ముద్ద ఫ్యాక్టరీ నుంచి వస్తుంది, అందులో ఏముందో మాకు తెలియదని వంటవాళ్ళు చెప్పారు. అప్పుడు లీడర్ ఫోన్‌లో షాపింగ్ యాప్ తెరిచి "యిందూ జియావ్", భారత మిర్చి, అని వెతికారు. పేజీ అంతా చైనా అక్షరాలు. నాన్న వేలు నేరుగా ఒకచోటికి వెళ్ళింది. ఎస్17 అని ఉంది.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత కల్లంలో కాయలు ఎలా ఆరబెడతారో, తాలు ఎలా ఏరతారో చెప్పడం మొదలుపెట్టారు. నేను మార్చి చెప్తుంటే టేబుల్ అంతా తినడం ఆపి విన్నారు. అక్కడి ధర చూసి ఇక్కడి లెక్క కూడా వేశారు. ఎంత తేడానో ఇప్పుడు రాయను, రాస్తే నాకే కడుపు మండుతుంది.

ఇవాళ వెన్‌షు ఆరామానికి వెళ్ళొచ్చాం. అమ్మకి అక్కడి భోజనం బాగానే నచ్చింది, కానీ "నిన్నటి సందడి లేదురా" అంది.

తులసికోట
ఆదివారం, రాత్రి 8:50

చదువుతుంటే ఎంత సంతోషమైందో. ఆ పెద్దావిడకి నా నమస్కారాలు చెప్పండి. నేను అనవసరంగా భయపెట్టాను, క్షమించండి.

మిరపతోట
ఆదివారం, రాత్రి 9:35

భయపెట్టారు కాబట్టే అమ్మని ముందు అడిగాను అండీ. లేకపోతే నా అంతట నేనే ఏదో నిర్ణయించేసేవాణ్ణి.

ఇంకో కబురు. వచ్చే శనివారం లీడర్ వాళ్ళని మా ఇంటికి పిలిచింది అమ్మ. ఇండక్షన్ పొయ్యి టేబుల్ మీద పెట్టి, కుండలో టమాటా చారు మరిగించి, అందులో టోఫు, తామరతూడు, పుట్టగొడుగులు వేసుకుని తినాలట. అద్దుకోవడానికి నువ్వుల కారప్పొడి, నెయ్యి. తొమ్మిది మందిమి. ఊరి నుంచి తెచ్చిన చింతపండు సరిపోతుందా అని ఇప్పుడే డబ్బా తీసి చూస్తోంది.